హెడర్‌కి ఉద్వాసన

మా ఊళ్లో శబ్దం ఎక్కువైందన్న సంగతి మొట్టమొదట కనిపెట్టింది ఒక పెద్దమనిషిగారి మధ్యాహ్నపు నిద్ర. ఆయన పెరుగన్నం తిని అలా నడుం వాల్చేసరికి, కిటికీ కింద నుంచి కాలేజీ కుర్రాళ్లు నలుగురు మోటారుసైకిళ్ల మీద బడబడమంటూ వెళ్లారు. కంపెనీ ఇచ్చిన పొగ గొట్టాలు పీకేసి, బజార్లో దొరికే లావుపాటివి బిగించుకున్న బళ్లు అవి. పెద్దమనిషిగారు లేచి కూర్చున్నారు. ఆయన లేచి కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక మండలి పుట్టడం మా ఊరి ఆనవాయితీ. ఈసారి పుట్టింది ధ్వని మర్యాదా మండలి.

మండలి చాలా ఆలోచించి ఒక నిబంధన చేసింది. ఏ వాహనానికైనా కంపెనీది కాని పొగ గొట్టం బిగించదలచినవారు, బిగించుటకు ముందే, సదరు గొట్టాన్ని మండలివారిచే మూల్యాంకనం చేయించుకోవలెను. మరి ఆ కుర్రాళ్ల సంగతేమిటని ఎవరో విలేఖరి అడిగితే, వారు ఇదివరకే బిగించుకున్నందున 'ముందు' అనే దశ దాటిపోయినదనీ, కావున వారు నిబంధన పరిధిలోకి రారనీ వివరణ ఇచ్చింది. ఆ సాయంత్రం కుర్రాళ్లు అదే కిటికీ కింద నుంచి ఇంకో రెండుసార్లు వెళ్లి తమ కృతజ్ఞత తెలుపుకున్నారు.

పరిధిలోకి వచ్చిందల్లా మా ఆడపడుచు హైమావతి.

హైమ వ్యాను నడుపుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బధిరుల పాఠశాలకి పిల్లల్ని తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపే వ్యాను. ఎనిమిదేళ్లుగా ఇదే పని కనక చేతులతో మాట్లాడటం బాగా వచ్చు. స్టీరింగు వదిలేసి మాట్లాడుతుందేమోనని మా అత్తగారి భయం. ఈ ఏడు ఆ పిల్లల్లో తొమ్మిదిమంది పదో తరగతి పరీక్షలు రాయాలి. పరీక్షా కేంద్రం కాలవ అవతల ఎక్కడో పడింది. అటు బస్సులు పోవు. అంటే వ్యాను నడిస్తే పిల్లలు పరీక్ష రాస్తారు, నడవకపోతే మళ్లీ ఏడు చూసుకుంటారు.

సరిగ్గా పరీక్షలు దగ్గరపడే వేళకి వ్యాను హెడర్ పగిలింది.

హెడర్ అంటే ఏమిటో తెలియని ఆడవాళ్ల కోసం చెబుతున్నాను. మగవాళ్లకి తెలుసని కాదు, తెలియదంటే వాళ్లు ఒప్పుకోరు కనక. ఇంజనులో నాలుగు గదులుంటాయి. ఒక్కో గదిలోంచి వేడి పొగ బయటికి వస్తుంది. ఆ పొగని నాలుగు గొట్టాలు అందుకుని, చివర ఒకే గొట్టంలో కలిసి, సైలెన్సరుకి అప్పగిస్తాయి. ఈ గొట్టాల గుత్తి పేరు హెడర్. అది పగిలితే పొగ సైలెన్సరు దాకా పోకుండా సీట్ల కింద చేరుతుంది. వెనక కూర్చున్న పిల్లలు దగ్గుతున్నారు. మాణిక్యం అనే అమ్మాయి వాంతి కూడా చేసుకుంది.

ఆ వ్యాను చేసిన కంపెనీ వాళ్లు అలాంటి వ్యాను తాము చేసినట్టే మర్చిపోయారు. దొరికితే బజారు హెడరే దొరకాలి. హైమ వెతికి వెతికి ఒకటి సంపాదించి మెకానిక్ నూకరాజు షెడ్డుకి పట్టుకెళ్లింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బజారు సరుకండి. తెచ్చింది తెచ్చినట్టు బిగించకూడదండి. చూసుకుని, సరిచేసుకుని బిగించాలండి. చూద్దామంటే నా షెడ్డులో చదునైన జాగా ఏదండి, అన్నీ గోతులే. చదునుగా ఉండే బండ ఉందాండి మీకు?"

"మా వదిన వంటగట్టు ఉంది," అంది హైమ.

అలా హెడర్ మా వంటింట్లోకి వచ్చింది. నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. పెళ్లయ్యాక దాన్ని చపాతీల మీద ప్రయోగిస్తూ వస్తున్నాను. ఇంజనుకి ఆనుకునే పట్టీ వంకర ఉంటే సందులోంచి పొగ తన్నుకొస్తుందని నాకూ అర్థమైంది. వంకర ఎక్కడుందో తెలియాలంటే గట్టు మీద పల్చగా రంగు రాసి, పట్టీని దాని మీద పెట్టి రుద్దాలి. రంగు అంటుకున్న చోట ఎత్తు, అంటుకోని చోట పల్లం. మా ఇంట్లో ఉన్న రంగు ఒకటే.

"అత్తయ్యా, ఆంజనేయస్వామి సింధూరం కాస్త ఇస్తారా?"

"ఎవరికే?"

"హెడర్‌కి."

"పెట్టండే పాపం. ఎంతెంత దూరాలు తిరగాలో ఏమో," అని ఆవిడ భరిణె ఇచ్చేశారు.

సింధూరంలో నూనె కలిపి రాశాం. పట్టీ రెండు చోట్ల ఎర్రబడింది, నడుమ తెల్లగా ఉండిపోయింది. హైమ ఎర్రబడ్డచోటల్లా ఆకురాయితో అరగదీయడం, నేను మళ్లీ సింధూరం రాయడం. పాత హెడర్ నోళ్లని అట్టముక్క మీద గీసి, కత్తిరించి, కొత్తదాని మీద పెట్టి చూస్తే రెండు నోళ్లు ఇరుకుగా తేలాయి. లోపల వేలు పెడితే, పాలగిన్నె అంచుకి మీగడ కట్టినట్టు వెల్డింగు ముద్దలు. అవి గుండ్రటి ఆకురాయితో గీకాం. ఆ తర్వాత నోళ్లలో తడిగుడ్డలు కుక్కి, ఒక్కదాంట్లోంచి సైకిలు పంపుతో గాలి కొడుతూ అతుకుల మీద కుంకుడు నురగ పోశాం. ఒకచోట బుడగ లేచింది. అక్కడ సుద్దతో సున్నా చుట్టాం, నూకరాజు అతుకుతాడని.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "టిఫినేంటి?" అన్నారు.

"హెడర్," అన్నాను.

ఆయన లోకజ్ఞానం కలవారు. మారుమాట లేకుండా హోటలుకి వెళ్లారు.

నూకరాజు బుడగచోట అతికిచ్చాక, హెడర్ని గోనెసంచిలో చుట్టుకుని నేనూ హైమా మండలి ఆఫీసుకి వెళ్లాం. ధ్వని పరిశీలనాధికారి పేరు పంచాక్షరిగారు. అంతకుముందు ఇరవై ఏళ్లూ ఆయన కొలపాత్రల తనిఖీలో పనిచేశారు. నూనె కొట్లకీ కిరసనాయిలు కొట్లకీ వెళ్లి, కొలిచే డబ్బాలు పరీక్షించి, ఎవరూ వేలు పెట్టకుండా సీసపు సీలు వేసి వచ్చేవారు. నిజాయితీపరుడు. అది ఆయన్ని చూడగానే తెలుస్తుంది, మన పని కాదని కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆయన సంచి విప్పించి, కళ్లజోడు సర్దుకుని, "ఈ ఎరుపేంటమ్మా?" అన్నారు.

"సింధూరమండి."

కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, చెప్పులు విడిచారు. "పూజ చేశారా?"

"లేదండి. చదును చూశాం."

"సింధూరంతో చదును చూస్తారా? మా ఇంట్లోనూ బళ్లున్నాయమ్మా. సింధూరం ఎప్పుడు పెడతాం? బండి వాడకంలోకి తెచ్చేటప్పుడు పెడతాం. సదరు గొట్టమునకు సింధూరము కలదు. కావున పూజ జరిగినది. పూజ జరిగినందున వాడకంలోకి వచ్చినది. వాడకంలోకి వచ్చినది బిగించినట్లే భావించవలెను. బిగించిన దానికి ముందస్తు మూల్యాంకనం ఎలా చేస్తామమ్మా?"

హైమ మొహం వెలిగింది. "బిగించేసినట్టే అయితే మీ పరిధిలో లేదు కదండి. తీసికెళ్లి బిగించుకుంటాం."

"బిగించినట్లు భావించబడినది. అంతేగాని బిగించబడలేదు. భావించబడిన దానిని బిగించుటకు అనుమతి లేదు."

"పోనీ తుడిచేస్తామండి," అన్నాను.

"సాక్ష్యం చెరిపినట్టవుతుంది."

"మరి మార్గం?"

పంచాక్షరిగారు దయగల మనిషి కూడా. కాసేపు పైకప్పు వంక చూసి చెప్పారు. "వినాయకచవితి అయ్యాక ఏం చేస్తాం? ఉద్వాసన చెబుతాం. చెప్పాక మట్టి మట్టే. అలాగే దీనికీ ఉద్వాసన చెప్పించండి. పూజ రద్దు. పూజ రద్దయితే వాడకం రద్దు. పురోహితుడిగారి సంతకంతో పత్రం తెండి, వెంటనే మూల్యాంకనం చేస్తాను."

మా పురోహితులు సోమయాజులుగారు హెడర్ చుట్టూ ఒకసారి తిరిగి, అరుగు మీద చతికిలబడ్డారు.

"అమ్మా, ఆవాహన చెయ్యని దానికి ఉద్వాసన చెప్పడం శాస్త్రంలో లేదమ్మా. ముందు రప్పించాలి, తరవాత పంపించాలి."

"రప్పించి పంపించెయ్యండి," అంది హైమ.

"ఎవర్ని రప్పించమంటావు తల్లీ?"

అది నిజంగా చిక్కు ప్రశ్నే. మా అత్తగారు తీర్చారు. "సింధూరం ఆంజనేయస్వామిది. ఆయన్నే పిలవండి. గాలిదేవుడి కొడుకు, గొట్టంలోకి రావడానికి ఆయనకేం ఇబ్బంది ఉండదు."

సోమయాజులుగారు ఆ పాయింటుకి ముగ్ధులయ్యారు. అక్షింతలు వేసి ఆహ్వానించారు. నేను వేయించిన వడలు నైవేద్యం పెట్టారు. స్వామి వారికి తీరిక దొరకనివ్వకుండా, యథాస్థానం ప్రవేశయామి అంటూ హెడర్ని ఈశాన్యం వైపు కాస్త జరిపి, పత్రం మీద సంతకం చేశారు. వెళ్తూ వెళ్తూ, "ఈ మండలివారికి ఇలాంటివి ఇంకా పడతాయా అమ్మా?" అని ఆశగా అడిగారు.

రెండోసారి పంచాక్షరిగారు మమ్మల్ని చిరునవ్వుతో కూర్చోబెట్టి, అటెండరు సింహాచలాన్ని పిలిచారు. సింహాచలం శబ్దం కొలిచే మీటరు తెచ్చి, బల్ల మీద ఒంటరిగా పడి ఉన్న హెడర్ పక్కన పట్టుకున్నాడు. మీటరు ముల్లు కదిలింది.

"ఫ్యానండి," అన్నాడు సింహాచలం. ఫ్యాను కట్టేశారు. ముల్లు ఇంకా ఊగుతోంది.

"మనం ఊపిరి తీస్తున్నామండి."

"ఎవరూ తీయకండి," అన్నారు పంచాక్షరిగారు. మేమందరం మా బాధ్యత గుర్తించి బిగబట్టాం. ముల్లు పడుకుంది.

"గొట్టము తనంతట తాను ఎట్టి శబ్దము చేయుట లేదు. ఉత్తీర్ణము," అని ఆయన రాసుకున్నారు. హైమ నా చెయ్యి గట్టిగా నొక్కింది. లేచి హెడర్ అందుకోబోయింది.

"ఆగమ్మా. సింహాచలం, నోళ్లెన్ని?"

"ఇటు నాలుగండి, అటొకటండి."

"ఐదూ వేసెయ్యి."

సింహాచలం ఐదు రేకు ముక్కలు తెచ్చాడు. ఇంజనువైపు ఉన్న నాలుగు నోళ్లకీ, సైలెన్సరు వైపు ఉన్న ఒక్కదానికీ రేకులు బిగించి, తీగ చుట్టి, ముడి మీద సీసం కరిగించి, పంచాక్షరిగారు ముద్ర నొక్కారు. ఇరవై ఏళ్ల అలవాటు కదా, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

హైమ ఒక రేకుని వేలితో తట్టి చూసింది. "నోళ్లన్నీ మూసేస్తే పొగ ఎలా పోతుందండీ?"

"చూడమ్మా. పరీక్షించిన వస్తువు పరీక్షించిన స్థితిలోనే ఉండాలి. నేను చూసినప్పుడు ఇందులో పొగ లేదు. రేపు పొగ ఉంటే, అది నేను చూసిన గొట్టం కాదు."

"మరి బిగించుకోవచ్చాండి?"

"నిరభ్యంతరంగా."

"ఇంజను నడవదు కదండి."

"నడవాలని నిబంధనలో ఎక్కడా లేదమ్మా," అన్నారాయన, మా అజ్ఞానానికి నొచ్చుకుంటూ. "సీళ్లు మాత్రం జాగ్రత్త. తెంచితే వ్యాను జప్తు. తెంచే అధికారం మండలి ఒక్కదానికే ఉంది, అదీ ఎవరైనా శబ్దమని ఫిర్యాదు చేస్తేనే. మా ముద్ర ఉన్నదాని మీద ఇంతవరకు ఫిర్యాదు రాలేదనుకోండి."

నూకరాజు సీళ్ల హెడర్ని బిగించి తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి గుటక వేసి ఊరుకుంది.

"ఆయ్, ముక్కూ నోరూ నొక్కి పరిగెట్టమంటే ఇలాగే ఉంటాదండి," అని మళ్లీ విప్పేశాడు. తీసినదాన్ని మా వరండాలో పెట్టుకున్నాం. పాతది, పగిలినది, మళ్లీ ఎక్కింది. అది కంపెనీ గొట్టం కనక దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. అది ఎంత పొగ అయినా వదలవచ్చు, ఎంత మోతయినా మోగవచ్చు.

మండలికి మాత్రం మంచిరోజులొచ్చాయి. నీళ్ల ట్యాంకర్లు, కూరగాయల వ్యాన్లు, ఆటోలు, దేనికి కొత్త గొట్టం కావలసివచ్చినా అదే పద్ధతి. నెల తిరగకుండా మండలి ప్రకటన ఇచ్చింది: ముద్ర పొందిన వాహనములలో శబ్దము నూటికి నూరు పాళ్లు నిర్మూలింపబడినది. ఆ వాహనాలన్నీ ఇళ్ల ముందు బట్టలారేసుకోవడానికి ఉపయోగపడుతున్నాయని ప్రకటనలో రాయలేదు. చోటు సరిపోలేదేమో.

విజయం వచ్చినవాళ్లు ఊరుకోరు. పొగ గొట్టం అంటే ఏమిటో నిర్వచనం సరిగా లేదని మండలి గుర్తించి, కొత్తది చేసింది: ఒక కొస నుండి గాలి ప్రవేశించి మరియొక కొస నుండి శబ్దముతో వెలువడు ఏ గొట్టమైనను. దానితో ఆ వారమే కల్యాణమండపంలో నాదస్వరానికి సీళ్లు పడ్డాయి. విద్వాంసుడుగారు పట్టుపంచె కట్టుకుని, రెండు కొసలా రేకులున్న నాదస్వరాన్ని చేతిలో పెట్టుకుని, ముహూర్తం వేళకి డోలువాళ్ల వంక చూస్తూ తల మాత్రం ఊపారు. పెళ్లివారు రసజ్ఞులు. బాగుందన్నారు. పంచాక్షరిగారికి అదే మండపంలో శాలువా కప్పారు.

ఇటు పాఠశాల నుంచి ఫిలోమినా టీచరుగారు ఫోను చేశారు. ఆవిడ మంచిది, అందుకని మెల్లగానే చెప్పారు. "హైమా, నిన్న మాణిక్యాన్ని దించేసరికి కళ్లు తిరుగుతున్నాయమ్మా పిల్లకి. ఇలా పొగ పీల్చి వెళ్లి పరీక్ష ఏం రాస్తారు? వేరే వ్యాను చూడనా అంటే, దొరికినవన్నీ సీళ్లు వేసి ఉన్నాయి. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి."

హైమ ఫోను పెట్టేసి వంటగట్టు పక్కన నిలబడింది. చేతులు గాలిలో ఏదో అంటున్నాయి. నాకు ఆ భాష రాదు గాని, మండలివారిని ఉద్దేశించినదని అర్థమైంది.

"కాగితం, కలం ఇలా తే," అన్నాను.

'ధ్వని మర్యాదా మండలివారి దివ్య సముఖమునకు. మా వరండాలో ఉన్న, తమ సీళ్లు గల హెడర్ రాత్రింబవళ్లు భరింపరాని శబ్దము చేయుచున్నది. సదరు హెడర్ యజమాని నా ఆడపడుచు. బంధుత్వమునకు వెరవక ఫిర్యాదు చేయుచున్నాను.'

మా ఆయన చదివి, "అది ఏ చప్పుడూ చెయ్యట్లేదు కదే," అన్నారు.

"చేస్తోందని చెప్పడం నా వంతు. లేదని తేల్చడం వాళ్ల వంతు."

నోటీసు తెచ్చింది సింహాచలమే. ఫిర్యాదు చేసినవారికి ఒక ప్రతి, చేయించుకున్నవారికి ఒక ప్రతి, రెండూ ఒకే గుమ్మంలో ఇచ్చి, రెండు వైపులవారి కాఫీ తాగి వెళ్లాడు.

మర్నాడు పంచాక్షరిగారు స్వయంగా వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. "మండలి ముద్ర ఉన్న గొట్టం శబ్దం చెయ్యడం అసంభవమమ్మా," అని వరండాలో వంగి హెడర్‌కి చెవి ఆనించారు. "ఏదీ శబ్దం?"

"మీరొచ్చారని ఊరుకున్నట్టుందండి."

"మరి ఎప్పుడు చేస్తుంది?"

"ఇంజనుకి బిగించి, నోళ్లు తెరిస్తే చేస్తుందేమోనని నా అనుమానమండి. రుజువు చెయ్యాలంటే నా దగ్గర అధికారం లేదు."

"నా దగ్గరుంది," అన్నారాయన. ఆ మాట అనకపోతే ఏమయ్యేదోనని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నూకరాజుకి కబురు వెళ్లింది. పంచాక్షరిగారు తన చేత్తో ఐదు సీళ్లూ తెంచారు. నూకరాజు పగిలినది దించి, కొత్తది ఎక్కించాడు. మేము గట్టు మీద అరగదీసిన పట్టీ ఇంజనుకి అతుక్కున్నట్టు కూర్చుంది. తాళం తిప్పాడు. వ్యాను, ఎసరు మరగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులాంటిది చేసుకుంటూ నిలబడింది. పొగ వెనక నుంచి, మర్యాదగా, వెళ్లవలసిన దోవన వెళ్లింది.

సింహాచలం మీటరు చూసి, "పరిమితి లోపేనండి," అన్నాడు.

"చూశారా," అన్నారు పంచాక్షరిగారు.

"చూశానండి. మరి ఇప్పుడు?"

"విచారణ పూర్తయ్యేవరకు యథాతథ స్థితి. గొట్టాన్ని ఉన్నచోటు నుంచి ఎవరూ కదపరాదు. ప్రయాణికుల వాంగ్మూలాలు రేపు తీసుకుంటాను. అవి అయితే విచారణ ముగిసినట్టే. మళ్లీ సీళ్లు వేసేస్తాను."

"గొట్టాన్ని కదపను," అంది హైమ జాగ్రత్తగా. "వ్యానుని కదపొచ్చాండి?"

ఆయన ఫిర్యాదు కాగితం తీసి మళ్లీ చదివారు. "వ్యాను మీద ఫిర్యాదు లేదు. గొట్టం వ్యానులో తన స్థానం నుంచి కదలనంత వరకు, వ్యాను ఎక్కడికి కదిలినా మండలికి సంబంధం లేదు. గొట్టానికి కాపలాగా సింహాచలం కూడా వస్తాడు."

మర్నాడు పాఠశాల ఆవరణలో వ్యాను లోపలే విచారణ. నేను ఫిర్యాదుదారు హోదాలో వెళ్లాను. తొమ్మిదిమంది పిల్లలూ వరసగా కూర్చున్నారు. పంచాక్షరిగారు మొదటి వాంగ్మూలం కాగితం తీసి, దాని మీద అచ్చువేసి ఉన్నది చదివారు. "నేను నా చెవులారా విన్నదేమనగా. చెప్పమ్మా."

మాణిక్యం ఆయన పెదాల వంక చూసి, హైమ వంక చూసింది.

"వీళ్లకి వినపడదండి," అంది హైమ.

"బయట బోర్డు చూశానమ్మా. వినపడనిచో వినపడలేదని రాద్దాం. తొమ్మిదిమంది ప్రయాణికులకూ శబ్దం వినపడలేదు. కాబట్టి శబ్దం లేదు. ఫిర్యాదు కొట్టివేత. సింహాచలం, రేకులు తెచ్చావా?"

"తెచ్చానండి," అన్నాడు సింహాచలం, తేకపోతే బాగుండుననే గొంతుతో.

పరీక్షలు ఆ సోమవారమే. హైమ చేతులు ఒళ్లో పడిపోయాయి. పిల్లలు ఆ చేతుల వంక చూసి, ఏమైందని ఒకళ్లనొకళ్లు సైగ చేసుకుంటున్నారు.

"అయ్యా, నాదొక సందేహం," అన్నాను. "మీరు కొలపాత్రలు చూసినవారు. అడుగులేని డబ్బాలో నూనె పోసి, ఏమీ నిలవలేదు కనక నూనె లేదని రాస్తారా?"

"అదెలా రాస్తామమ్మా? కొలతే జరగనట్టు."

"మరి వీళ్లు వినపడలేదంటే అది గొట్టం సంగతెలా అవుతుందండి? రేపు పైవాళ్లు, పంచాక్షరిగారు చెవులారా అన్న కాగితం మీద వినికిడి లేనివాళ్ల చేత సంతకం పెట్టించి కేసు మూశారంటే, ఆ శాలువా కప్పినవాళ్లకి ఎంత చిన్నతనం."

పంచాక్షరిగారు కాగితం వంక, పిల్లల వంక, నా వంక మార్చి మార్చి చూశారు. నేను ముందే చెప్పాను, ఆయన నిజాయితీపరుడు. చెల్లని కొలత మీద ముద్ర వేసిన మనిషి కాదు. "చెవులారా అన్న మాట కొట్టేసే అధికారం నాకు లేదు," అన్నారు చివరికి. "వేరే సాక్షులున్నారా అంటే, ప్రయాణికులు కానివారి సాక్ష్యం చెల్లదు." ఆపైన కలం మూత తీసి, పైకి చదువుకుంటూ ఉత్తర్వు రాశారు. రాస్తున్నకొద్దీ ఆయన గొంతులో ధీమా పెరిగింది.

"సాక్షులకు వినపడునంత వరకు విచారణ వాయిదా వేయడమైనది. అంతవరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

ఈ సంగతి ఊళ్లో ఎవరికి ఎలా తెలిసిందో నేను చెప్పలేను. నేను కూరల మార్కెట్లో ఇద్దరికే చెప్పాను. వారం తిరిగేసరికి మండలి ముందు వరస కట్టారు. భార్యలు భర్తల ట్యాంకర్ల మీద, అన్నలు తమ్ముళ్ల ఆటోల మీద, నాదస్వర విద్వాంసుడిగారి కూతురు తండ్రి మీద ఫిర్యాదులు పెట్టారు. ప్రజలలో ధ్వని చైతన్యము వెల్లివిరియుచున్నదని మండలి ఇంకో ప్రకటన ఇచ్చింది. సీళ్లు తెంచీ తెంచీ సింహాచలం వేళ్లు కాయలు కాశాయి.

అవన్నీ తరవాతి సంగతులు. పరీక్షల సోమవారం పొద్దున్న నేనూ వ్యాను ఎక్కాను. సింహాచలం ముందు సీట్లో మీటరు పట్టుకుని కూర్చున్నాడు. కిటికీ అద్దాలన్నీ మూసే ఉన్నా ఒక్కరూ దగ్గలేదు. పిల్లలు ఒళ్లో అట్టలు పెట్టుకుని ఆఖరి నిమిషం చదువులు చదువుకుంటున్నారు. కాలవ వంతెన దగ్గర రైలు గేటు పడింది. హైమ ఇంజను ఆపకుండా బ్రేకు వేసి వెనక్కి తిరిగింది.

మాణిక్యం ఏదో అడిగింది. చేతి నిండా ప్రశ్నే.

"మొన్న ఆ పెద్దాయన ఏం రాశాడని అడుగుతోంది వదినా."

"చెప్పు."

హైమ చెప్పింది. చెవి చూపించింది, పంచాక్షరిగారి కళ్లజోడు సర్దుకుంది, గాల్లో సంతకం చేసింది, సాక్షులకు వినపడేదాకా అని రెండు చేతులూ ఎటో దూరంగా విసిరింది. మాణిక్యం నమ్మలేదు. మళ్లీ చెప్పమంది. హైమ మళ్లీ చెప్పింది. ఈసారి తొమ్మిదిమందీ నవ్వారు. మామూలుగా మనకి నలుగురిలో నవ్వొస్తే, మన చెవే మనల్ని కాస్త తగ్గమంటుంది. వాళ్లకి అలాంటి అడ్డేమీ లేదు. వ్యాను అద్దాలు గడగడలాడాయి. గేటు అవతల సైకిలు మీదున్నాయన దిగి మరీ చూశాడు.

మీటరు ముల్లు పరిమితి దాటి, ఆ పక్కనున్న ఎర్రగీత కూడా దాటి, ఆ కొసకి వెళ్లి ఆనుకుంది.

సింహాచలం ముల్లు వంక చూశాడు. పిల్లల వంక చూశాడు. నా వైపు వంగి గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మగారూ, ఇది రాయాలంటారాండి?"

"ఏదైనా గొట్టంలోంచి వచ్చిందా?"

"లేదండి."

"మరి?"

అతను కాస్త ఆలోచించి మీటరు కట్టేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గేటు లేచింది. హైమ ముందుకి తిరిగి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, గేరు వేసింది.